ఎనిమిదా, పదహారా?

ఆదివారం ఉదయం పది గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్ నడుపుతున్న లారీ కనుమ దారిలో, రెండో సొరంగానికి రెండు వందల మీటర్ల ఇవతల ఆగిపోయింది. తర్వాత మాయమైంది. ముందు వెళ్తున్న ఐదు లారీలూ దారి పక్కకు తీసి ఆగాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆరు లారీలూ కంప్యూటర్ ఆటలోవి.

ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ తెర మీద బొమ్మ బిగుసుకుపోయి ఉంది. లోపల ఫ్యాను మాత్రం తిరుగుతోంది. హెడ్‌ఫోన్‌లో మామగారి గొంతు వినిపించింది.

“అల్లుడూ, ఉన్నావా, పోయావా?”

ఉన్నానని ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చెప్పాడు. మైకు కూడా బిగుసుకుపోయింది కాబట్టి ఆ మాట అవతలికి చేరలేదు.

“పోయాడు,” అన్నారు మామగారు మిగతావాళ్ళతో. “రాసుకోండి. ఈ నెలలో రెండు.”

మామగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు లారీ నడిపారు. కుడి మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక బ్రేకు తొక్కొద్దన్నాడు. ఆయన మూడు నెలలు కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే బండ్లవాళ్ళు గేరు ఎక్కడ తప్పు మారుస్తున్నారో చెబుతూ గడిపారు. నాలుగో నెలలో కూతురు భరించలేక లారీ ఆట కొనిచ్చింది, స్టీరింగుతో, పెడళ్ళతో సహా. ఆ పెడల్ నొక్కడానికి కాలి బొటనవేలు చాలు. ఆయన తనతో పనిచేసి రిటైరైన నలుగురు డ్రైవర్లను కూడా అందులోకి లాగారు. ప్రతి ఆదివారం పది గంటలకు వరస కట్టి బయల్దేరతారు. ఆ వరసను కాన్వాయ్ అంటారు. ముందు నడిచే మామగారి పేరు పెద్దబండి. చివర నడిచే ఇన్‌స్పెక్టర్ పేరు తోక.

తోకకు అసలు లారీ నడిపిన అనుభవం లేదు. స్కూటరు ఉంది. దాన్ని ముప్ఫై అయిదు దాటనివ్వడు.

కాన్వాయ్‌కు ఒక నిబంధన ఉంది. నెలలో మూడుసార్లు దారిలో మాయమైనవాణ్ణి వరస నుంచి తీసేస్తారు. అసలు రాకపోయినా ఒకటి కిందే లెక్క. ఈ నిబంధన నోటిమాటగా ఉంటే నిలవదని పట్టుబట్టి కాగితం మీద పెట్టించింది ఇన్‌స్పెక్టరే. ‘కారణం ఏదైనప్పటికీ’ అన్న మాటలు చేర్చింది కూడా అతనే. అప్పుడు నలుగురు డ్రైవర్లూ ఎందుకొచ్చిన రాతకోతలని నవ్వారు. ఇప్పుడు నెలలో ఇంకొక్క ఆదివారం మిగిలింది. అది కొత్త దారి, నూట తొంభై కిలోమీటర్లు.

వరసలోంచి తీసేస్తే పోయేది ఆట ఒక్కటే అయితే ఇన్‌స్పెక్టర్ అంతగా తల పట్టుకునేవాడు కాదు. పదకొండేళ్ళ కిందట అతను బజారులో తనిఖీకి వెళ్ళి, ఒక కిరాణా కొట్టు కాటాకు సీలు తెగి ఉందని రాశాడు. కొట్టు మూడు వారాలు మూతపడింది. ఆ మూడు వారాల్లో కొట్టుకు వచ్చేవాళ్ళంతా ఎదుటి కొట్టుకు అలవాటుపడ్డారు. మరుసటి ఏడు ఆ కొట్టు అమ్మేశారు. కొట్టు మామగారి తమ్ముడిది.

అప్పటి నుంచి మామగారు అల్లుడితో నేరుగా మాట్లాడటం మానేశారు. ఒకే గదిలో పక్కపక్కన ఉన్నా కూతురి వైపు తిరిగి, “మీ ఆయన్ని కాస్త కాలు తియ్యమనమ్మా” అనేవారు. రెండేళ్ళ కిందట ఆయన కంప్యూటర్లో శబ్దం రావడం లేదంటే భార్య ఇన్‌స్పెక్టర్‌ను పంపింది. అతను తీగ సరిచేసి లేవబోతుంటే, “ఎలాగూ వచ్చావు కదా, కూర్చో. ఎడమ అద్దం చూడు” అన్నారాయన. తొమ్మిదేళ్ళ తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది. ఇన్‌స్పెక్టర్ గంటన్నర ఎడమ అద్దం చూశాడు. ఆ నెలలోనే లాప్‌టాప్ కొన్నాడు.

కాన్వాయ్‌లో మామగారు అతన్ని తిడతారు, ఆరా తీస్తారు, పేరు పెట్టి పిలుస్తారు. హెడ్‌ఫోన్ తీస్తే మళ్ళీ అంతా కూతురి మీదుగానే. వారం మొత్తంలో ఇన్‌స్పెక్టర్‌ను ఎవరైనా ‘అల్లుడూ’ అని పిలిచేది ఆ గంటన్నరలోనే.

లాప్‌టాప్ ఆటలకోసం చేసిన రకం. కీల కింద ఏడు రంగుల దీపాలు వెలుగుతాయి. ఆఫీసులో మాత్రం రిపోర్టులు రాయడానికని చెప్పాడు. రిపోర్టులు ఇప్పటికీ చేత్తోనే రాస్తున్నాడు కాబట్టి ఆ మాట ఎవరూ నమ్మలేదు. అందులో మెమరీ ఎనిమిది జీబీ. పదహారు చేస్తే ఆట ఆగిపోదని కొందరంటారు, అది దండగని కొందరంటారు. ఏదో ఒకటి తేల్చడానికి ఏడు రోజులు ఉన్నాయి.

సోమవారం ఆఫీసు నుంచి వచ్చాక ఇన్‌స్పెక్టర్ కొత్త రిజిస్టరు తీశాడు. గీతలు గీసి తేదీ, సమయం, రీడింగు, పరిశీలన అని నాలుగు గడులు పెట్టాడు. కూరగాయల కాటా పట్టుబడితే మూడుసార్లు తూచి సంతకం చేసే మనిషికి, తన లాప్‌టాప్ దగ్గర మాత్రం ఒకరి మాట మీద ఆధారపడటం నామోషీ అనిపించింది. ఆట తెరిచాడు. రెండు నిమిషాలకోసారి లారీ ఆపి, మెమరీ ఎంత వాడుతోందో చూసి రాశాడు. తొంభై నాలుగు శాతం. తొంభై అయిదు. తొంభై నాలుగు. మధ్యమధ్యలో నెట్‌లో ఇతరులు ఏమన్నారో చదివాడు. ఒకడు ఎనిమిదితో ఈ రోజుల్లో ఆటలేమిటని వెటకారం చేశాడు. ఇంకొకడు ఎనిమిదితో తన ఇల్లు గడిచిపోతోందన్నాడు. మూడోవాడు ముప్ఫై రెండు లేకపోతే అసలు కంప్యూటరే కాదన్నాడు. ఇన్‌స్పెక్టర్ తెరిచిన పేజీల్లో ఒక్కటి కూడా మూయలేదు. సాక్ష్యం చేతికి వచ్చాక వదలడం అతని అలవాటులో లేదు.

మంగళవారం లాప్‌టాప్‌ను తలకిందులు చేసి చూశాడు. కొత్త మెమరీ పెట్టాలంటే వెనక మూత తీయాలి. మూతకు పదకొండు స్క్రూలు. మధ్య స్క్రూ మీద వేలిగోరంత కాగితం అంటించి ఉంది. డ్యూటీలో వాడే భూతద్దం తెచ్చి చదివాడు. ఈ సీలు తొలగిస్తే వారంటీ చెల్లదని ఉంది. వారంటీకి ఇంకా నలభై ఏడు రోజులు ఉంది.

అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా అతను బజారులో చేస్తున్న పని ఒక్కటే, సీలు చూడటం. దానికే అతనికి సీలు సారు అని పేరు వచ్చింది. తుడుస్తుంటే తెగిందన్నవాళ్ళను చూశాడు, ఎలుక కొరికిందన్నవాళ్ళను చూశాడు, పిల్లలు పీకారన్నవాళ్ళను చూశాడు. అందరికీ ఒకటే మాట చెప్పాడు: సీలు తీశారంటే మనసులో ఏదో పెట్టుకునే తీశారు. ఇప్పుడు సొంత ఇంట్లో, మంచం మీద కూర్చుని, స్క్రూడ్రైవరు పట్టుకుని, తన మనసులో ఏముందో తనకు తానే వాంగ్మూలం ఇచ్చుకోవలసి వచ్చింది. లాప్‌టాప్‌ను మళ్ళీ తిప్పి పెట్టేశాడు.

బుధవారం మధ్యాహ్నం కంప్యూటర్ విడిభాగాల కొట్టుకు వెళ్ళాడు. అతను మెట్టు ఎక్కేసరికి కొట్టు యజమాని లేచి నిలబడి, బల్ల మీద ఉన్న చిన్న కాటా మీద దినపత్రిక కప్పాడు. పాత బోర్డులు తూకానికి కొనే కాటా అది. ఇన్‌స్పెక్టర్ చూశాడు. చూడనట్టు ఉండటం ఎలాగో అతనికి తెలియదు కాబట్టి దినపత్రిక వంకే చూస్తూ మాట్లాడాడు.

“డ్యూటీ మీద రాలేదు. కొనడానికొచ్చాను.”

“అలాగే సార్,” అన్నాడు యజమాని. నమ్మినట్టు లేదు.

ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ రకం చెప్పాడు, సమస్య చెప్పాడు, రిజిస్టరు తెరిచి రీడింగులు చూపించాడు. రిజిస్టరు చూడగానే యజమాని కాటా మీది దినపత్రికను ఇంకాస్త కిందికి లాగాడు. ఇన్ని రీడింగులు ఎవరి మీద తీశారని అడిగాడు. తన మీదేనని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. పదహారు అవసరమా కాదా, ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు.

“అవసరమే సార్.” యజమాని అతని మొహం చూశాడు. “అంత అవసరం లేదనుకోండి.” మళ్ళీ చూశాడు. “మీరెలా అంటే అలా రాసుకోండి సార్. నాదేముంది.”

బజారులో ఇంకో రెండు కొట్లు ఉన్నాయి. రెండింటిలోనూ అతని చేతుల మీదుగా నోటీసు కాగితం అందుకున్నవాళ్ళే ఉన్నారు. ఇరవై రెండేళ్ళు కష్టపడి సంపాదించుకున్న భయం ఇది. ఇప్పుడు ఒక్క నిజం కొనుక్కుందామంటే బజారంతా వెతికినా దొరకడం లేదు. ఇన్‌స్పెక్టర్ ఎనిమిది జీబీ మెమరీ ముక్క ఒకటి బిల్లుతో సహా కొన్నాడు. యజమాని ఊరికే ఇవ్వబోయాడు, తర్వాత నాలుక కరుచుకున్నాడు. ప్యాకెట్ సీలు తీయకపోతే వారంలోపు వాపసు తీసుకుంటామని బిల్లు వెనక రాసి ఉంది. అలా ఇంట్లో తెంచకూడని సీళ్ళు రెండయ్యాయి.

గురువారం సాయంత్రం ఆరుంపావుకు భార్య ఇంటికి వచ్చింది. ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. వచ్చీ రాగానే మోచేతుల దాకా కడుక్కోవడం అలవాటు. తుడుచుకుంటూ వచ్చి, ఏదో ఫారం చూసుకోవాలని లాప్‌టాప్ ముందు కూర్చుంది. బ్రౌజరు తెరిచింది.

“ఇవన్నీ ఏంటండీ?”

ఆధారాలని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. ఆమె వేలితో లెక్కపెట్టింది. నలభై ఒక్క ట్యాబులు తెరిచి ఉన్నాయి. నలభై ఒక్కటీ మెమరీ పెంచాలా వద్దా అన్నవే.

“మీరు రీడింగు తీస్తున్నప్పుడు ఇవి తెరిచే ఉన్నాయా?”

“మూస్తే మళ్ళీ దొరకవు.”

ఆమె కుర్చీ వెనక్కి జరిపి అతని మొహంలోకి చూసింది.

“పరగడుపున రమ్మంటే కడుపునిండా తినొచ్చి, షుగర్ ఎక్కువొచ్చిందని గోల చేసేవాళ్ళని రోజుకు నలుగుర్ని చూస్తాను. ఇంట్లో కూడా ఒకరున్నారని ఇవాళే తెలిసింది.”

ట్యాబులన్నీ ఒక్కొక్కటే మూసేసింది. ఇన్‌స్పెక్టర్ ఆట తెరిచి మళ్ళీ రీడింగు తీశాడు. డెబ్భై ఒక్క శాతం. పది నిమిషాలు తిప్పాడు. డెబ్భై ఒకటే. మూడు రోజుల రిజిస్టరు చెత్తబుట్టకు పనికొచ్చేలా ఉంది. మెమరీ పెంచాలా అని చదివిన చదువే మెమరీని తినేసిందని తేలింది. శాఖ తరఫున ఇంకెవరైనా ఇలాంటి రిజిస్టరు తెచ్చి చూపిస్తే వాళ్ళకు మెమో ఇచ్చేవాడు.

అయినా అతనికి మనసు తేలికైంది. మెమరీ అక్కర్లేదు, సీలు తీయక్కర్లేదు, ప్యాకెట్ వాపసు ఇచ్చేయొచ్చు. పరిశీలన గడిలో ‘అవసరం లేదు’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు. భార్య వంటగదిలోకి వెళ్తూ ఆగింది.

“ఆదివారం నాటికి ఇన్ని ట్యాబులు లేవు కదా?”

ఏడు ఉన్నాయేమోనన్నాడు.

“మరి ఆదివారం ఎందుకాగింది?”

దాని సంగతి రేపు చూద్దామని ఇన్‌స్పెక్టర్ రిజిస్టరు మూశాడు.

శుక్రవారం సాయంత్రం ఆరుంపావుకు పరీక్షగా రెండు లారీలు బయల్దేరాయి, పెద్దబండి, తోక. ఏర్పాటు అంతా భార్య మీదుగా జరిగింది. ఒక్క ట్యాబు కూడా లేదు. పక్కన ఇంకో లారీ రాగానే రీడింగు డెబ్భై ఆరుకు పోయింది. అంటే లారీకి అయిదు. తనది కాక ఇంకా అయిదు లారీలు. ఇన్‌స్పెక్టర్ కూడి చూశాడు. తొంభై ఆరు వచ్చింది. ఏడు ట్యాబులు తెరిచి ఉంటే ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆదివారం ఆగింది. ట్యాబులు లేకపోతే సొరంగం దాకా పోవచ్చు, సొరంగం దాటొచ్చు, నూట తొంభై కిలోమీటర్లు మాత్రం చెప్పలేం. లెక్క మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ అదే వచ్చింది. రాత్రి రాసిన ‘అవసరం లేదు’లో ‘లేదు’ కొట్టేశాడు. గీతలు కొట్టేయలేదు.

సర్వీసు సెంటరుకు ఫోన్ చేశాడు. వాళ్ళు తీస్తే వారంటీకి ఢోకా లేదు, కానీ పది పనిదినాలు పడుతుందన్నారు. వాళ్ళ ప్రతినిధి సమక్షంలో తానే తీస్తే ఎలా ఉంటుందని అడిగాడు. అటువైపు అమ్మాయి అలాంటి పద్ధతి ఏదీ లేదు సార్ అంది. అతను నిద్రపోయే ముందు ఒక కాగితం టైపు చేశాడు. ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఈ కింద సంతకం చేసిన సాక్షుల ఎదుట, సదరు లాప్‌టాప్ వెనక సీలును స్వచ్ఛందంగా తొలగించడమైనది అని పంచనామా. సాక్షులకు రెండు గీతలు వదిలాడు. సీలు తొలగించే ధైర్యానికి మాత్రం అందులో గడి లేదు.

శనివారం సాయంత్రం మామగారు షుగర్ పరీక్షకు ల్యాబ్‌కు వచ్చారు. రక్తం ఇచ్చాక కూతురు ఆయన్ని ఇంటికి తీసుకొచ్చింది. మామూలుగా ఆయన వరండాలో కుర్చీ వేయించుకుని, కూతురితో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోతారు. ఆ రోజు చేతికర్ర పట్టుకుని లోపలికి వచ్చారు. మంచం మీద కూర్చున్నారు.

“ఏదమ్మా ఆ బండి?” అని కూతుర్ని అడిగారు.

ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు పెట్టి ఆట తెరిచాడు. మామగారు తెర వంక చూడలేదు. తల వంచి చెవి ఆనించారు. ఇంజన్ వినే మనిషి విన్నట్టు అర నిమిషం విన్నారు.

“ఊపిరాడట్లేదు దీనికి,” అన్నారు కూతురితో. తర్వాత లాప్‌టాప్ ఆపించి తలకిందులు చేశారు. మూత మీద కాగితం ముక్క కనిపించింది. అల్లుడి మొహం చూశారు, కాగితం చూశారు, బల్ల మీద ఉన్న ప్యాకెట్ చూశారు, దాని పక్కన పంచనామా చూశారు. పంచనామా మొత్తం చదివారు. కడుపు పట్టుకుని నవ్వారు. మోకాలు నొప్పెట్టేదాకా నవ్వి, కాలు నిమురుకున్నారు. భార్య కూడా నవ్వింది. ఇన్‌స్పెక్టర్‌కు కూడా నవ్వు వచ్చింది, కానీ కాగితం తనది కాబట్టి ఆపుకున్నాడు.

నవ్వు ఆగాక మామగారు కూతురి వైపు తిరగలేదు.

“ఒకటి అడుగుతాను. ఆ రోజు మా తమ్ముడి కాటా తూచి చూశావా?”

ఇన్‌స్పెక్టర్‌కు ఆ రోజు నింపిన ఫారం బాగా గుర్తుంది. అందులో రెండు గడులు ఉంటాయి. మొదటిది సీలు సంగతి, రెండోది తూకంలో తేడా. సీలు తెగి ఉంటే రెండోది ఖాళీగా వదలొచ్చని నిబంధన ఉంది. కాటా పక్కనే రాళ్ళ పెట్టె తెరిచి ఉంది. తూచడానికి నాలుగు నిమిషాలు పట్టేది. భోజనం వేళ అయింది.

“లేదు మామయ్యా.”

“కాటా సరిగ్గానే తూగుతోందేమో.”

“ఏమో. చూళ్ళేదు.”

మామగారు కర్రను రెండు చేతులతో పట్టుకున్నారు.

“చూశానంటావనుకున్నా,” అన్నారు. “తేడా ఉంది అంటావనుకున్నా. అలా అంటే నిన్నేమంటానోనని పదకొండేళ్ళు అడగలేదు.”

ఆ వారంలో లాప్‌టాప్ మీద అతను తీసిన రీడింగులు రెండు వందల పద్నాలుగు. చిన్నమామగారి కాటా మీద తీసినవి సున్నా. ఈ లెక్క అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే ఎదుట కూర్చున్నాయన వేసి పెట్టుకున్నారని అర్థమైంది. తాను వెళ్ళి చిన్నమామగారికి చెబుతానన్నాడు.

“వెళ్ళు. తిడతాడు. రెండు తగిలించినా తగిలిస్తాడు. రేపు మాత్రం వెళ్ళకు, రేపు పనుంది.” ఆయన స్క్రూడ్రైవరు తీసి అల్లుడి చేతిలో పెట్టారు. “తియ్యి.”

అప్పుడు సాయంత్రం ఐదు గంటల ఆరు నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ గోటితో కాగితం అంచు లేపాడు. అది సగం చిరిగి సగం మూతకే అంటుకుంది. ఇరవై రెండేళ్ళలో అతను చూసిన తెగిన సీళ్ళన్నీ ఇలాగే ఉండేవి. భార్య టీ తెచ్చి, పెట్టడానికి చోటు లేక పంచనామా మీద గ్లాసు పెట్టింది. దాని మీద ఎవరూ సంతకం చేయలేదు.

స్క్రూలు తీయడానికి పావుగంట పట్టింది. లోపల దుమ్ము ఉంది, రెండు స్లాట్లు ఉన్నాయి. ఒకదాన్లో పాత ముక్క, రెండోది ఖాళీ. ప్యాకెట్ సీలు మామగారు పళ్ళతో చింపారు. కొత్త ముక్కను ఇన్‌స్పెక్టర్ మొదట తిరగేసి పెట్టాడు, పట్టలేదు. రెండోసారి కూడా తిరగేసే పెట్టాడు.

“ఇరవై రెండేళ్ళ సర్వీసా మీది?” అంది భార్య.

మూడోసారి టక్కుమంది. మూత బిగించేటప్పుడు స్క్రూలు పది లెక్కకు వచ్చాయి. పదకొండోదాని కోసం ముగ్గురూ వెతికారు. ఇన్‌స్పెక్టర్ మంచం కిందకు దూరి టార్చి వేసి చూశాడు, భార్య చీపురుతో ఊడ్చింది, మామగారు కర్రతో మూలలు గెలికారు. దొరకలేదు. పది చాలు, లారీ చక్రానికి ఒక బోల్టు తగ్గినా రెండు వేల కిలోమీటర్లు పోయేవాళ్ళమని మామగారు అన్నారు. అది నిబంధనలకు విరుద్ధమని ఇన్‌స్పెక్టర్ అనబోయి నోరు మూసుకున్నాడు.

లాప్‌టాప్ తెరిచారు. పదహారు అని చూపించింది.

ఆదివారం పది గంటలకు ఆరు లారీలు బయల్దేరాయి. పది గంటల పదికి రీడింగు యాభై ఎనిమిది. కనుమ దారి మొదటి సొరంగం పది ఇరవైకి దాటారు, రెండోది పది ఇరవై తొమ్మిదికి. ఇన్‌స్పెక్టర్ పక్కన రిజిస్టరు ఉంది కానీ అందులో ఏమీ రాయలేదు. అద్దం చూసుకోవడానికే అతనికి కళ్ళు చాలడం లేదు.

కనుమ దిగాక కొత్త దారి మొదలైంది. పది నలభై తొమ్మిదికి ఎడమ పక్క ఒక బోర్డు వచ్చింది, సరుకు లారీలన్నీ తూకం వేయించుకోవాలని. వేబ్రిడ్జి ఖాళీగా ఉంది. ఆటలో దాన్ని దాటిపోయినా ఎవరూ పట్టుకోరు. పెద్దబండి దాటిపోయింది. వెనకే నాలుగు లారీలు దాటిపోయాయి. తోక ఎడమ దీపం వేసి లోపలికి తిరిగింది.

“అల్లుడూ, వెనక కనపడట్లేదు. ఎక్కడ చచ్చావు?”

“వేబ్రిడ్జి మీదున్నాను మామయ్యా.”

“ఎవరు పిలిచారు నిన్ను అక్కడికి?”

“బోర్డుంది.”

హెడ్‌ఫోన్‌లో నలుగురు డ్రైవర్లూ ఒకేసారి నవ్వడం మొదలుపెట్టారు. ఒకాయన దగ్గులోకి దిగాడు. ఇంకొకాయన ఈ మనిషి స్వర్గానికి పోయినా గుమ్మంలో కాటా ఉందేమోనని చూస్తాడన్నాడు. మామగారు వాళ్ళను ఆగమన్నారు.

“సరే, తూచుకునే రా. ఆగుతాం.”

వేబ్రిడ్జి తెర మీద అంకెలు కాసేపు ఊగి నిలిచాయి. ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందల ఇరవై కిలోలు. పరిమితి నలభై వేలు. పది గంటల యాభై మూడు నిమిషాలకు అడ్డకర్ర లేచింది. కిలోమీటరున్నర ముందు అయిదు లారీలు దారి పక్కన దీపాలు వేసుకుని ఆగి ఉన్నాయి. తోక వచ్చి వెనక చేరింది. పెద్దబండి కదిలింది.

పన్నెండు గంటల పద్నాలుగు నిమిషాలకు ఆరు లారీలూ గోదాము గేటు దాటాయి. ఆఖరిది ఇన్‌స్పెక్టర్‌ది.